కరిగే ఇంప్లాంట్లు: స్కాన్‌లో కనబడేదేమిటి, కనబడనిదేమిటి

అపోహ: ఎముకకు వేసిన, ఒంట్లోనే మెల్లగా కరిగే స్క్రూ ఎక్స్‌రేలో కనబడలేదంటే కరిగిపోయినట్టే.

ఆపరేషన్ అయిన రోజే తీసినా కనబడదు. ఈ ఇంప్లాంట్లను చేసే పాలీలాక్టిక్ ఆమ్లం, పీఎల్‌జీఏ (లాక్టిక్, గ్లైకాలిక్ ఆమ్లాల మిశ్రమ పాలిమర్) వంటి పాలిమర్లలో, అంటే పొడవాటి గొలుసుల్లాంటి అణువుల పదార్థాలలో, ఉండేవి కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్. ఈ తేలిక పరమాణువులు ఎక్స్‌రేను పెద్దగా అడ్డుకోవు. ఫిల్ములో కనబడేది ఎముకకు తొలిచిన రంధ్రమే. అందుకే స్కాన్‌లో కనబడేలా కొన్నింటిలో బేరియం సల్ఫేటో, అయోడినో, టాంటలం ఆక్సైడ్ నానోకణాలో కలుపుతారు. అమెరికాలో 2016లో అనుమతి పొంది, 2017లో అమ్మకం ఆగిన అబ్సార్బ్ గుండె స్టెంటుకు రెండు చివరలా ప్లాటినం చుక్కలు పెట్టారు. స్టెంటు కరిగాక కూడా ఆ చుక్కలు అక్కడే ఉంటాయి.

అపోహ: స్కాన్‌లో ఆకారం చెక్కుచెదరలేదంటే బలం కూడా ఉన్నట్టే.

ఎక్కువ ప్రమాదం ఈ నమ్మకంతోనే. పాలిమర్ పంచదారలా కరగదు. నీరు లోపలికి చేరి గొలుసులను కలిపి ఉంచే ఎస్టర్ బంధాలను తెంపుతుంది. ముందు గొలుసులు పొట్టివవుతాయి, తర్వాత బలం పడిపోతుంది, బరువు తగ్గేది చివర్లో. లాక్టిక్, గ్లైకాలిక్ భాగాలు 50:50గా ఉన్న పీఎల్‌జీఏ ఒకటి రెండు నెలల్లో, 85:15 రకం ఐదారు నెలల్లో కరుగుతాయి. పీఎల్‌ఎల్‌ఏకి (పాలీలాక్టిక్ ఆమ్లంలో ఒక రకం) రెండేళ్లు దాటుతుంది. సీటీలో మనం చూసేది కలిపిన కణాలను, పాలిమర్‌ను కాదు. నీరు పీల్చి ఉబ్బితే కణాలెక్కడికీ పోకుండానే హౌన్స్‌ఫీల్డ్ విలువ (ఎక్స్‌రేను ఎంత అడ్డుకుంటుందో సీటీలో చూపే అంకె) తగ్గుతుంది. అందుకని ఆ విలువతోపాటు ఘనపరిమాణాన్నీ కొలవాలి. మొదటి వారంలో ఒక స్కాన్ తీసి పెట్టుకోవాలి. తర్వాతివన్నీ అదే కేవీతో (ఎక్స్‌రే గొట్టానికి ఇచ్చే వోల్టేజీ), అదే స్లైస్ మందంతో తీయాలి. లేకపోతే ఆ పోలికకు అర్థం లేదు.

అపోహ: కణాలు ఎంత ఎక్కువ కలిపితే అంత మేలు.

ఎక్కువైతే ముద్దకడతాయి, పగులు అక్కడే మొదలవుతుంది. ఎక్స్‌రేను పీల్చుకోవడం ఒక్కసారిగా పెరిగే శక్తిని కే-అంచు అంటారు; టాంటలానికి అది 67.4 కేఈవీ (ఎక్స్‌రే శక్తి కొలమానం), అయోడిన్‌కు 33.2. మామూలు సీటీ శక్తుల దగ్గర టాంటలం బాగా కనబడుతుంది కాబట్టి కొద్దిగా కలిపినా చాలు.

అపోహ: ప్యాకెట్‌ను ఏసీ గదిలో ఉంచితే చాలు.

విశాఖ గాలిలో తేమ ఎక్కువ, ఈ పాలిమర్లకు తేమే శత్రువు. డెసికెంట్ (తేమ పీల్చే పదార్థం) ఉన్న ఫాయిల్ పౌచ్‌ను సరిగ్గా వాడబోయేటప్పుడే విప్పాలి, మళ్లీ అతికించి దాచకూడదు. క్రిములను చంపే 121 డిగ్రీల ఆవిరి ఆటోక్లేవ్‌లో ఇవి పాడవుతాయి. గామా కిరణాలు గొలుసులను తెంపుతాయి కాబట్టి చాలావాటికి క్రిములను చంపడానికి ఎథిలీన్ ఆక్సైడ్ వాయువే వాడతారు. పీఎల్‌జీఏ 45–55 డిగ్రీలకే మెత్తబడుతుంది, మే నెలలో ఎండన నిలిపిన వ్యాన్‌లో ఉంచొద్దు. ఫ్రిజ్‌లోంచి తీసిన పౌచ్‌ను గది వేడికి వచ్చాకే చింపాలి. చల్లగా ఉండగా విప్పితే తేమ గాలి నీటిబొట్లై ఇంప్లాంట్ మీదే పేరుకుంటుంది.