రంగు ఎక్కడ అరుగుతుంది?

మా అమ్మమ్మగారి ఇంటి వీధి తలుపు నుంచి రాలిన ఒక రంగు పెచ్చును నేను చాలాకాలంగా దాచుకున్నాను. వేలి గోరంత ఉండే ఆ పెచ్చు అంచును భూతద్దంతో చూస్తే పైన ముదురు ఆకుపచ్చ, దాని కింద నీలం, ఆ కింద కావిరంగు, అన్నిటికంటే అడుగున మాసిన తెలుపు పొరలు పొరలుగా కనిపిస్తాయి. ఇంట్లో పెళ్లి జరిగిన ప్రతిసారీ తలుపులకు కొత్త రంగు వేయించే ఆనవాయితీ ఉండేది కాబట్టి, ఆ పొరలు ఒక విధంగా ఆ ఇంటి పెళ్లిళ్ల లెక్క. ఇలాంటి తలుపులనూ, భోషాణాలనూ, మేజాలనూ ఇప్పుడు నగరాల్లో వెదికి మరీ కొంటున్నారు. అవి దొరకనివారు, అంత ధర పెట్టలేనివారు కొత్త చెక్కసామానుకే రంగు వేయించి, ఆ రంగును కావాలని అరగదీయించి, పగుళ్లు తెప్పించి, పాతదానిలా కనిపించేటట్లు చేయిస్తున్నారు. పెయింటర్లు దీనిని యాంటిక్ ఫినిష్ అంటారు.

ఈ పని చేయడం తేలికే గాని నమ్మేటట్లు చేయడం కష్టం. నేను మొదటిసారి ఒక వేపచెక్క స్టూలు మీద ప్రయత్నించినప్పుడు, నాలుగు కాళ్ల అంచులనూ పైనుంచి కింది దాకా ఒకే తీరుగా ఉప్పుకాగితంతో రుద్దాను. దానిని చూసిన వడ్రంగి ఒకాయన, "ఏమండీ, ఎలుకలు గానీ కొరికాయా?" అని అడిగారు. ఆయన ఎగతాళిలో శాస్త్రం ఉంది. వస్తువు పాతబడడమంటే దాని ఒంటిమీద అన్నిచోట్లా సమానంగా అరగడం కాదు. ఎక్కడ చేయి పడిందో, ఎక్కడ కాలు ఆనిందో, ఎక్కడ నీళ్లు నిలిచాయో అక్కడ మాత్రమే అరగడం. వంటింటి అలమర తలుపులో గడియ చుట్టూ ఉన్న జానెడు మేర రంగు పోతుంది, పై మూల మాత్రం కొత్తగానే ఉంటుంది. కుర్చీ చేతుల ముందు కొసలు నున్నబడతాయి. కాళ్లు పెట్టుకునే అడ్డకర్ర పైభాగం అరిగి కింది భాగం మిగులుతుంది. ఇల్లు కడిగిన నీళ్లు తగిలే కాళ్ల అడుగున రంగు ఉబ్బి పెచ్చులుగా ఊడుతుంది.

అంచుల దగ్గర రంగు ముందుగా పోవడానికి రాపిడి ఒక్కటే కారణం కాదు. రంగు తడిగా ఉన్నప్పుడే తలతన్యత దానిని పదునైన అంచు నుంచి వెనక్కి, చదునైన భాగం వైపు లాగుతుంది. అందువల్ల ఆరిన తరువాత అంచు మీద మిగిలే పొర మొదటినుంచీ పలచగానే ఉంటుంది. పైగా ఏ వస్తువు తగిలినా ఆ ఒత్తిడి అంతా అంచులోని అతి చిన్న వైశాల్యం మీదనే పడుతుంది. పలచని పొర మీద ఎక్కువ ఒత్తిడి పడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. చెక్కడపు పని ఉన్న సామానులో దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. గుంతల్లో రంగు చిక్కగా నిలిచి, దానిమీద దుమ్ము, జిడ్డు పేరుకుంటాయి. కాబట్టి ఉప్పుకాగితం చేతిలోకి తీసుకునే ముందు ఆ సామానును పదిరోజులు వాడుకుని, చేయి ఎక్కడెక్కడ పడుతున్నదో చూసుకోవడం మంచి పద్ధతి.

రెండు రంగులు కనిపించాలనుకున్నప్పుడు మామూలు కొవ్వొత్తి చాలు. అడుగు రంగు బాగా ఆరిన తరువాత, అరిగినట్లు కనిపించవలసిన చోట్ల కొవ్వొత్తిని గట్టిగా రాసి, దానిమీద నీటితో కలిపే పై రంగు వేస్తారు. మైనం నీటిని దగ్గరికి రానీయదు కనుక అక్కడ పై రంగుకు పట్టు దొరకదు. ఆరాక గరుకు గుడ్డతో రుద్దితే ఆ మేరకే లేచిపోయి అడుగు రంగు బయటపడుతుంది. ఇలా ఊడిన రంగు అంచులు కొంచెం వంకరటింకరగా వస్తాయి గనుక, నా దృష్టిలో ఉప్పుకాగితపు అరుగుదల కంటే ఇదే సహజంగా ఉంటుంది.

రంగు అరిగి చెక్క బయటపడిన చోట మరొక చిక్కు వస్తుంది. రంగు పాతది, కింద కనబడే చెక్క మాత్రం నిన్న చిత్రిక పట్టినట్లు పచ్చగా ఉంటుంది. ఎండావానలకు వదిలిన చెక్క వెండిబూడిద రంగులోకి మారుతుంది. చెక్కలోని నారలను పట్టి ఉంచే లిగ్నిన్‌ను అతినీలలోహిత కిరణాలు ముక్కలు చేస్తే, వాన ఆ ముక్కలను కడిగేస్తుంది. పైన తెల్లని సెల్యులోజ్ నారలు మిగులుతాయి. ఇది చాలా నెమ్మదిగా జరిగే పని. పైన్ వంటి మెత్తని కలప కూడా నూరేళ్లకు సుమారు 6 మిల్లీమీటర్ల మందమే కోల్పోతుంది. అంతకాలం ఆగలేనివారు ఇనుమును ఆశ్రయిస్తారు. ఇనుప పీచును వెనిగర్‌లో కొన్ని రోజులు నానబెడితే ఐరన్ అసిటేట్ ద్రావణం తయారవుతుంది. దానిని చెక్కకు పూస్తే, చెక్కలోని టానిన్లు అనే వగరు పదార్థాలతో ఇనుము కలిసి నిమిషాల్లో బూడిద రంగు నుంచి నలుపు వరకు ఏదో ఒక ఛాయ తెస్తుంది. తోళ్లు పదును చేయడానికి బెరడునిచ్చే తుమ్మ వంటి చెట్ల కలపలో టానిన్లు దండిగా ఉంటాయి. అవి తక్కువగా ఉన్న చెక్కకు ముందుగా చిక్కని టీ డికాక్షన్ పూస్తే సరిపోతుంది. ఈ రసాయనం మనకు కొత్తదేమీ కాదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు తుప్పుపట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో పులియబెట్టి, ఆ ద్రవంతో కరక్కాయ రసం పట్టించిన గుడ్డమీద నల్లని గీతలు గీసేది ఈ సూత్రంతోనే.

అన్నిటికంటే ఆసక్తికరమైనవి పగుళ్లు. అవి ఎందుకు పడతాయో తెలియాలంటే రంగు ఎలా ఆరుతుందో ముందు తెలుసుకోవాలి. గోడకు వేసే నీటి రంగు నీరు ఆవిరి కావడంతో ఆరుతుంది. అవిసె నూనెతో కలిపిన పాతకాలపు రంగు అలా ఆరదు. ఆ నూనె గాలిలోకి పోకుండా, గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని, దాని అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి వలలాగా గట్టిపడతాయి. అందుకే ఆరే దశలో నూనె పొర బరువు తగ్గకపోగా కొంత పెరుగుతుంది. తలుపులకు వేసే ఎనామెల్ రంగులో టర్పెంటైన్ వంటి ద్రావకం మొదట ఆవిరై, తరువాత ఇదే తీరున గట్టిపడడం మొదలవుతుంది. ఈ ముడులు పడడం చేతికి అంటుకోనంత ఆరగానే ఆగిపోదు, ఏళ్ల తరబడి సాగుతుంది. మొదట్లో సాగే గుణం ఉన్న పొర కాలక్రమంలో అప్పడంలా పెళుసెక్కుతుంది.

పొర పెళుసెక్కినంత మాత్రాన పగలదు, దానిని ఏదో ఒకటి లాగాలి. లాగేది కింద ఉన్న చెక్క. వానాకాలంలో తేమ పీల్చి ఉబ్బి, ఎండాకాలంలో ముడుచుకునే చెక్క అన్ని దిక్కులకూ ఒకే తీరుగా కదలదు. పచ్చి టేకు పూర్తిగా ఎండేసరికి వయసు వలయాల వెంబడి సుమారు 5.8 శాతం, వాటికి అడ్డంగా మధ్య నుంచి బెరడు వైపు 2.5 శాతం ముడుచుకుంటుంది. నిలువు నార పొడుగున వచ్చే మార్పు లెక్కలోకి రానంత తక్కువ. టేకు కదలిక తక్కువగా ఉండే కలప అని పేరు పొందినదే, తక్కిన చాలా రకాల మాట చెప్పనే అక్కరలేదు. చెక్క నారకు అడ్డంగా సాగుతుంది గనుక, దానిమీది పెళుసు పొర నార వెంబడి చీలుతుంది. పాత తలుపుమీద పగుళ్లు చాలావరకు నిలువుగా, చెక్క గీతలను అనుసరించి ఉండడానికి కారణం ఇదే. బజారులో కొన్న పగుళ్ల పెయింటుతో వచ్చే ఎండిన చెరువు బీటల వంటి ఆకారం చెక్కమీద కంటే మట్టి కుండమీద ఎక్కువ నప్పుతుంది.

పగుళ్లను దొంగిలించడంలో ఆరితేరినవాడు నెదర్లాండ్స్ చిత్రకారుడు హాన్ వాన్ మీగెరెన్. 17వ శతాబ్దపు డచ్ చిత్రకారుడు వెర్మీర్ పేరిట నకిలీ చిత్రాలు గీసిన ఈయనకు ఎదురైన మొదటి అడ్డంకి నూనె రంగు పూర్తిగా గట్టిపడడానికి దశాబ్దాలు పట్టడం. లేత నూనె రంగు మద్యసారంలో ముంచిన దూదితో రుద్దితే కరిగి, గుట్టు బయటపెడుతుంది. అందుకని ఆయన రంగులో ఫినాల్, ఫార్మాల్డిహైడ్‌లతో చేసిన రెసిన్ కలిపి, నిజంగానే ఆ కాలానికి చెందిన కాన్వాసు మీద గీసి, పొయ్యిలో నూరు డిగ్రీలకు పైగా వేడి చేసి, తరువాత గొట్టానికి చుట్టి పగుళ్లు తెప్పించి, వాటిలో దుమ్మును పోలిన నల్ల సిరా ఇంకించాడు. 1937లో రోటర్‌డామ్‌లోని మ్యూజియం అలాంటి ఒక చిత్రాన్ని గొప్ప కళాఖండమని నమ్మి తీసుకుంది. నాజీ నాయకుడు గోరింగ్ చేతికి వెర్మీర్ చిత్రాన్ని చేర్చాడన్న నేరం మీద 1945లో అరెస్టయినప్పుడు, దేశద్రోహం కంటే దొంగ పనే నయమనుకుని ఆయన తానే నిజం ఒప్పుకున్నాడు. రసాయన పరీక్షల్లో ఆ రెసిన్ దొరికింది. 1947లో శిక్ష పడింది, కొద్ది వారాలకే మరణించాడు.

మనం స్టూలుకు పగుళ్లు తెప్పించడానికి పొయ్యి అవసరం లేదు, జిగురు చాలు. అడుగు రంగు ఆరిన తరువాత దానిమీద ఫెవికాల్ వంటి తెల్ల జిగురు పూసి, అది పూర్తిగా ఆరకముందే, వేలికి ఇంకా అంటుకునే స్థితిలో, పైన యాక్రిలిక్ రంగు వేయాలి. పై రంగు గాలి తగిలి త్వరగా బిగుసుకుంటుంది. అడుగున జిగురు ఇంకా మెత్తగా ఉండడంతో దానికి నిలకడైన పట్టు దొరకక, తన బిగువుకు తానే విడిపోతుంది. జిగురు, రంగు దట్టంగా ఉంటే పగుళ్లు పెద్దవిగా, దూరదూరంగా వస్తాయి, పలచగా ఉంటే సన్నగా, దగ్గరదగ్గరగా వస్తాయి. కుంచెను చెక్క నార దిక్కునే, ఒక్కసారి మాత్రమే లాగాలి. సరిగా పడలేదని రెండోసారి లాగితే అప్పటికే తెరుచుకుంటున్న పగుళ్లు పూడిపోయి, జిగురు, రంగు కలిసి ముద్ద కడతాయి. ఇది నేను పాడుచేసిన రెండో స్టూలు నేర్పిన పాఠం.

పగుళ్లలోనూ మూలల్లోనూ ముదురు గోధుమరంగు కలిపిన మైనం రుద్ది, పైది తుడిచివేస్తే మురికి పట్టినట్లు కనిపిస్తుంది. తేనెమైనం సుమారు 62 నుంచి 65 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి మన ఎండాకాలానికి తట్టుకుంటుంది గాని, దానిమీద వేడి గిన్నె పెట్టకూడదు. తెల్ల రంగును పసుపుపచ్చగా మార్చేటప్పుడు చాలామంది వెలుతురు పడే ముందుభాగాన్నే ముదురు చేస్తారు. నూనె రంగు విషయంలో నిజం దీనికి తలకిందులు. అది చీకట్లో పసుపెక్కి, వెలుతురులో కొంత తేరుకుంటుంది. గోడకు ఆనించిన అలమర వెనుక అంచులూ, పరదా కప్పిన తలుపు భాగమే ఎక్కువ పచ్చబడతాయి.

అవిసె నూనె తుడిచిన గుడ్డలను ముద్దగా చుట్టి మూలన పడేయకూడదు. నూనె ఆక్సిజన్‌తో కలిసేటప్పుడు పుట్టే వేడి గుడ్డ మడతల్లో చిక్కుకుని, నిప్పు పెట్టకుండానే మంట లేవగలదు. విడదీసి ఆరుబయట ఆరేయాలి. ఇక నిజమైన పాత సామాను దొరికినవారు దానిని ఉప్పుకాగితంతో గీకకపోవడమే మంచిది. పాత రంగుల్లో సీసం ఎక్కువగా ఉండేది, ఆ ధూళి పిల్లల మెదడుకు హాని చేస్తుంది. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం పదిలక్షల్లో 90 వంతులు మించకూడదన్న నియమం మన దేశంలో 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమలైంది. అంతకు ముందు వేసిన ఏ రంగు పొరనైనా పొడిగా రుద్దకుండా, తడిపి, ముక్కుకు తగిన మాస్కు కట్టుకుని ముట్టుకోవాలి. నేను దాచుకున్న పెచ్చు కూడా అందుకే ఒక మూత సీసాలో ఉంది.

ఇంత చేసినా పాత సామాను బేరగాడు ముందుగా రంగు వైపు చూడడు. సొరుగు బయటికి లాగి, తలకిందులు చేసి, మరలు చూస్తాడు. తలమీద నాలుగు కోణాల గుంత ఉండే స్టార్ స్క్రూ మీద అమెరికాకు చెందిన హెన్రీ ఫిలిప్స్‌కు పేటెంటు దక్కింది 1936లో. మేజా వందేళ్లకు పైబడినదని చెబుతూ, దాని సొరుగు అడుగున ఆ నాలుగు కోణాల గుంత కనిపిస్తే, పైన పడిన పగుళ్లు ఎంత చక్కగా ఉన్నా అతడు ధర సగానికి అడుగుతాడు.