పెరట్లో పాము, నిమ్మతోటలో పాము: అపోహలు - వాస్తవాలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పెరళ్ళలోకి, తోటల్లోకి వచ్చిన పాములను పట్టి, అటవీ శాఖ వారికి తెలియజేసి వదిలిపెట్టే పని కొన్నేళ్లుగా చేస్తున్నాను. ఫోను వచ్చాక నేను చేరడానికి పట్టే ఆ అరగంటలో ఇంటివారు చేసే పనుల్లో చాలావరకు చిన్నప్పటి నుంచి విన్న మాటల మీద నమ్మకంతో చేసేవే. తరచుగా ఎదురయ్యేవి, ప్రాణాల మీదికి తెచ్చేవి ముందుగా రాస్తున్నాను.

అపోహ: నొప్పి, వాపు లేకపోతే కరిచింది విషపు పాము కాదు.

కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవారిని నిద్రలోనే కరుస్తుంది. దాని కోరలు చాలా చిన్నవి కాబట్టి గాటు కనిపించకపోవచ్చు, చీమ కుట్టినంత నొప్పి కూడా ఉండకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పితో లేచిన మనిషికి రాత్రి తిన్నది అరగలేదేమోనని సోడా తాగించి మళ్ళీ పడుకోబెట్టిన ఇళ్ళున్నాయి. ఆ విషం నరాల నుంచి కండరాలకు సంకేతం అందకుండా చేస్తుంది కనుక, కొన్ని గంటల్లో కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, గుటక పడదు, చివరకు ఊపిరి ఆడదు. ఆరుబయట పడుకునేవారు మంచం వేసుకుని, దోమతెర అంచులను పక్క కిందికి దోపుకుంటే ఈ పాము బెడద చాలావరకు తప్పుతుంది.

అపోహ: మచ్చలు, చారలు చూసి ఏ పామో ఇట్టే చెప్పవచ్చు.

పుస్తకంలో బొమ్మ చూసినంత సులభంగా తోటలో పామును గుర్తుపట్టలేము. కట్లపాముకు తెల్లని సన్నటి చారలు తోక వైపు స్పష్టంగా ఉండి, తల వైపు వచ్చేసరికి మాసిపోతాయి. దానిని పోలిన ఒక విషం లేని పాముకు చారలు తల దగ్గరే మొదలై తోక వైపు చెరిగిపోతాయి. టార్చి వెలుగులో, గుండె దడదడలాడుతుండగా ఆ తేడా ఎంతమందికి కనిపిస్తుంది? నేనే ఒకసారి తోక మాత్రం కనిపించిన కట్లపామును రెండోదిగా పొరబడి, చెయ్యి చాచి, చివరి క్షణంలో వెనక్కి తీసుకున్నాను. అప్పటి నుంచి పూర్తిగా చూడని ప్రతి పామునూ విషపు పాముగానే లెక్క వేస్తున్నాను.

పొదలకూరు వైపు నిమ్మతోటలో ఒక కౌలురైతు "కొండచిలువ పిల్ల దొరికిందన్నా" అంటూ ప్లాస్టిక్ బకెట్ మీద పళ్ళెం మూసి నా ముందు పెట్టాడు. పళ్ళెం పక్కకు జరిపేలోపే లోపల నుంచి కుక్కర్ ఆవిరి వదిలినట్టు బుస మొదలైంది. వీపు మీద గొలుసు కట్టినట్టు మూడు వరుసల గుండ్రని మచ్చలు ఉన్నాయి: అది రక్తపింజర పిల్ల. అప్పుడే పుట్టిన పింజరకూ కోరలు, విషం ఉంటాయి. ఈ పాము గుడ్లు పెట్టదు, పిల్లలనే కంటుంది, ఒక్కో కాన్పులో 20 నుంచి 40 దాకా ఉండవచ్చు. అందుకే ఒక పిల్ల కనిపించిన పాదులో మరికొన్ని ఉంటాయని అనుకోవాలి.

నిమ్మతోటలో అసలు ప్రమాదం రాలిన కాయలు ఏరేటప్పుడు ఉంటుంది. కొమ్మలు నేలను తాకుతూ నీడనిస్తాయి, పాదులో ఎండుటాకులు పరుచుకుని ఉంటాయి, ఆ ఆకుల్లో పింజర చుట్ట చుట్టుకుంటే రెండడుగుల దూరం నుంచి కూడా కనిపించదు. కాయలు ఏరే ఆడవారు వంగి చేతులతోనే ఆకులు తోస్తారు. ముందుగా పొడవాటి కర్రతో ఆకులు కదిలించి, ఆ తరువాతే చెయ్యి పెట్టాలి. కింది కొమ్మలను నేల నుంచి రెండడుగుల ఎత్తు దాకా కత్తిరించాలి. తోట యజమానులు కూలీలకు మోకాలి దాకా వచ్చే బూట్లు కొనివ్వాలి. వాటి ఖర్చు ఒక్క బస్తా కాయల ధర కన్నా ఎక్కువేమీ కాదు.

అపోహ: కాటుకు పైన గట్టిగా కట్టు కట్టి, కోసి, రక్తం పీల్చేయాలి.

పింజర విషం కాటు పడిన చోట కండను పాడుచేస్తుంది, రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. తాడుతో బిగిస్తే ఆ కాలికి రక్తం అందక కుళ్ళుతుంది. బ్లేడుతో కోస్తే రక్తస్రావం ఆగదు. పీల్చడం, నల్లరాయి అంటించడం, పసరు పోయడం, ఇవేవీ విషాన్ని బయటికి తీయలేవు. మంత్రంతో బతికినవారున్నారు కదా అని అడుగుతారు. ఉన్నారు, వారిని కరిచిన పాముల్లో చాలా వాటికి అసలు విషమే లేదు, విషపు పాములు కూడా కొన్నిసార్లు విషం వదలకుండా కరుస్తాయి. ఆ పేరు మంత్రగాడికి వస్తుంది.

చేయవలసినవి కొన్నే. ఉంగరాలు, గాజులు, మెట్టెలు వాపు రాకముందే తీసేయాలి. విరిగిన ఎముకకు కట్టినట్టు బద్ద పెట్టి, కరిచిన కాలో చెయ్యో కదలకుండా వదులుగా చుట్టాలి. నడిపించకుండా 108 అంబులెన్సులోనో, దొరికిన బండిలోనో విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. ఎవరైనా అప్పటికే బిగించి కట్టి ఉంటే దారిలో విప్పకండి, డాక్టరు ఎదుటే విప్పించాలి. పామును చంపి సంచిలో తీసుకుపోవలసిన పని లేదు. మన దేశంలో ఇచ్చే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటికీ కలిపి ఒకటే. దాని తయారీకి కావలసిన విషాన్ని చెన్నై దగ్గర వడనెమ్మెలిలో 1978లో ఏర్పడిన ఇరుళులనే పాములు పట్టే గిరిజనుల సహకార సంఘం వారు కూడా సేకరించి ఇస్తారు. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని అంచనా, అంటే ఏటా సుమారు 58,000 మంది. ఆ భారం ఎక్కువగా పడిన రాష్ట్రాల్లో మనదీ ఒకటి.

అపోహ: జెర్రిపోతు నాగుపాముకు మగడు, రెండు పాములు పెనవేసుకుంటే సయ్యాట.

రెండూ వేరువేరు జాతులు, జత కట్టవు. నిలువునా లేచి తాడులా పెనవేసుకునేవి సాధారణంగా రెండు మగ జెర్రిపోతులు, ఒకదాన్నొకటి నేలకు వంచే కుస్తీలో ఉంటాయి. వాటి మీద కొత్త తెల్లగుడ్డ వేసి దాచుకుంటే మంచిదని ఒక పెద్దావిడ నన్నే తెచ్చి వేయమంది. "అబ్బయా, నీకైతే భయం లేదు గదా" అన్న ఆమె మాట కాదనలేక నవ్వి ఊరుకున్నాను, గుడ్డ మాత్రం వేయలేదు.

అపోహ: చంపితే జంట పాము పగబట్టి వస్తుంది.

పాము మెదడులో మనిషి ముఖాన్ని గుర్తుంచుకుని పగ తీర్చుకునే ఏర్పాటు లేదు. అదే చోటికి ఇంకో పాము వచ్చిందంటే అక్కడ ఎలుకలు, కప్పలు, దాగే చోటు ఉన్నాయని అర్థం.

అపోహ: మొగలి, మల్లె వాసనకు పాములు వస్తాయి, వెల్లుల్లి, ఫినాయిలు చల్లితే రావు.

కాలువ గట్ల మీది మొగలి పొదల్లో పాము ఉండేది గుబురు కోసం, ఎలుకల కోసం. వెల్లుల్లి నీళ్ళు చల్లిన గడప దాటి వచ్చిన నాగుపామును నేను పట్టాను. పెరట్లో కొబ్బరి మట్టలు, ఇటుకల కుప్ప, కట్టెల పేర్పు తీసేసి, కోళ్ళ గూటి దగ్గర రాలిన గింజలు ఊడ్చి, మురుగు గొట్టానికి జాలీ బిగిస్తే వచ్చే ఫలితం ఏ మందుకూ రాదు. ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు కురిసే వానలకు కలుగుల్లో నీళ్ళు నిండి పాములు మెరక వెతుక్కుంటూ ఇళ్ళవైపు వస్తాయి.

అపోహ: పాము పాలు తాగుతుంది. తాగదు. చవితి నాటి పాలు పుట్టలోని మట్టికే చేరతాయి.

అపోహ: కనిపించిన పామును కొట్టి చంపడమే క్షేమం.

కొట్టబోయినప్పుడే ఎక్కువ మంది దాని అందుబాటులోకి వెళతారు. తల తెగిన తరువాత కూడా కొంతసేపు అది కరవగలదు. పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చంపడం నేరం. కనీసం ఆరేడు అడుగుల వెనక్కి జరిగి, పిల్లలను, కుక్కను లోపలికి పంపి, అది ఎటు పోతున్నదో కన్ను తిప్పకుండా ఒక్కరే చూస్తూ ఉండాలి. నేను వచ్చాక కర్ర కొక్కెంతో దానిని ఒక గొట్టం నోటి వైపు మళ్ళిస్తాను. గొట్టం రెండో చివరన గుడ్డసంచి కట్టి ఉంటుంది. చీకటి కనిపించగానే చాలాసార్లు పాము తనంతట తానే అందులోకి దూరుతుంది.

కూరపాదుల చుట్టూ కట్టే నైలాను వలలో చిక్కుకున్న పాము సంగతి వేరు. అది ముందుకే తోసుకుపోతుంది, దారం పొలుసుల కిందికి దిగుతుంది, వేసవి ఎండలో కాసేపట్లోనే చచ్చిపోతుంది. దాన్ని లాగవద్దు. దూరం నుంచి పొడవాటి కర్రతో తడి గోనెపట్టా దాని మీద నీడగా కప్పి, పట్టేవారు వచ్చి చిన్న కత్తెరతో ఒక్కో దారం తెంచే దాకా ఆగండి; ఆ వలను తిరిగి కట్టేటప్పుడు కింది అంచు నేలకు జానెడు పైన ఉండేలా కట్టండి.