ప్రైవేటు ఉద్యోగాల్లో రిజర్వేషన్: ఈ గొడవ ఎక్కడ మొదలైంది

"గవర్నమెంటులో ఇచ్చింది చాలక ఇప్పుడు ప్రైవేటులో కూడానా" అని ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. ఏదో ఒక మీటింగ్‌లో ఎవరో నాయకుడు ఆ మాట ఎత్తుతాడు, టీవీల్లో డిబేట్లు పెడతారు, వాట్సాప్‌లో ఫార్వర్డులు తిరుగుతాయి, నాలుగు రోజులకి అంతా మర్చిపోతారు. ఇదేదో ఓట్ల కోసం నిన్నమొన్న పుట్టిన డిమాండ్ అనుకునేవాళ్ళు మా ఫ్రెండ్స్‌లోనే చాలామంది ఉన్నారు, వాళ్ళ కోసమే ఇది రాస్తున్నా. ఎందుకంటే కులం అడ్డంపడి పని దొరక్కపోవడం అనేది ప్రైవేటు ఫ్యాక్టరీ గేటు లోపల వందేళ్ళ కిందటే జరిగింది, దానికి రికార్డు కూడా ఉంది.

బొంబాయి బట్టల మిల్లుల సంగతి చూడండి. 1920ల్లో అక్కడ వేల మంది దళితులు పనిచేసేవాళ్ళు, కానీ స్పిన్నింగ్‌లో, అదీ తక్కువ జీతం ఉండే పనుల్లో. జీతం బాగా వచ్చే నేత విభాగంలోకి మాత్రం రానిచ్చేవాళ్ళు కాదు. కారణం వింటే ఒళ్ళు మండుతుంది. మగ్గం మీద అటూ ఇటూ తిరిగే నాడెలో కండె (దారం చుట్టిన చిన్న గొట్టం) అయిపోగానే కొత్త కండె పెట్టి, దారం కొసని నాడెకి ఉన్న చిల్లులోంచి నోటితో పీల్చి బయటికి లాగాలి, అదే నాడె తర్వాత ఇంకో కార్మికుడి చేతికి వెళ్తుంది, అతనూ నోరు పెట్టాలి. దళితుడు నోరు పెట్టిన నాడె మేం ముట్టుకోం అని మిగతా కార్మికులు, అంతే. దానికోసం రూల్ బుక్ ఏమీ అక్కర్లేకపోయింది, ఓనరు నోరు తెరిచి చెప్పాల్సిన పని కూడా లేకపోయింది. 1928లో మిల్లుల్లో పెద్ద సమ్మె జరిగినప్పుడు అంబేడ్కర్ గారు పట్టుబట్టింది దీనిమీదే, అన్ని విభాగాల్లో మావాళ్ళకి పని చేసే హక్కు ఇవ్వాలని డిమాండ్లలో చేర్చండి అని. ఎర్రజెండా యూనియన్ నాయకులు కూడా దానికి అంత తేలిగ్గా ఒప్పుకోలేదు.

ఇంకోపక్క గవర్నమెంటు ఉద్యోగాల్లో వాటా అనేది అప్పటికే నడుస్తోంది. కొల్హాపూర్‌లో సాహు మహారాజ్ 1902లోనే 50 శాతం వెనకబడిన వర్గాలకి పెట్టారు, మన మద్రాసు ప్రెసిడెన్సీలో కులమతాల వారీగా ఉద్యోగాలు పంచే కమ్యూనల్ జీవో 1921లో వచ్చి 1927 నుంచి అమలైంది. 1943లో అంబేడ్కర్ గారు వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్‌గా ఉన్నప్పుడు సెంట్రల్ సర్వీసుల్లో ఎస్సీలకి 8.33 శాతం ఇచ్చారు. ఇదంతా చాలామందికి తెలిసిందే.

తెలియనిది ఏంటంటే, 1947లో ఆయన రాజ్యాంగ సభ కోసం రాసిన స్టేట్స్ అండ్ మైనారిటీస్ అనే మెమొరాండంలో ఒక క్లాజు ఉంది. గవర్నమెంటు ఆఫీసరే కాదు, ఫ్యాక్టరీల్లో, వ్యాపార సంస్థల్లో ప్రైవేటు యజమాని కూడా జాతిని బట్టి, మతాన్ని బట్టి, సామాజిక హోదాని బట్టి వివక్ష చూపిస్తే దాన్ని నేరంగా చూడాలి, ఆ కేసులు విచారించడానికి విడిగా ట్రిబ్యునల్ ఉండాలి అని. అదే కాయితంలో ముఖ్యమైన పరిశ్రమలన్నీ ప్రభుత్వం చేతిలోనే ఉండాలని కూడా అడిగారు. రెండూ కలిపి చదివితే ఆయన ఆలోచన అర్థమవుతుంది: పెద్ద పరిశ్రమ ప్రభుత్వానిది అయితే అక్కడ వాటా వస్తుంది, మిగిలిన ప్రైవేటులో వివక్ష చేస్తే శిక్ష పడుతుంది. చివరికి రాజ్యాంగంలోకి వచ్చింది రిజర్వేషన్ పెట్టుకోవచ్చనే ఆర్టికల్ 16(4), అది ప్రభుత్వ సర్వీసులకి మాత్రమే. ప్రైవేటు యజమాని సంగతి చెప్పిన ముక్క రాలేదు. నా ఉద్దేశంలో ఈ మొత్తం కథలో అన్నిటికంటే పెద్ద నష్టం అక్కడే జరిగింది.

అప్పట్లో ఆ నష్టం అంతగా కనపడలేదు, ఎందుకంటే ఫ్యాక్టరీలు కట్టేది ప్రభుత్వమే. ఒక్క హైదరాబాద్ చుట్టూ చూసుకోండి, బాలానగర్‌లో ఐడీపీఎల్, రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, ఇంకా ఈసీఐఎల్, హెచ్ఎంటీ, ప్రాగా టూల్స్, ఆల్విన్... వీటిల్లో ఐటీఐ చదివి ఫిట్టర్‌గానో టర్నర్‌గానో చేరి, క్వార్టర్ వచ్చి, పిల్లల్ని కంపెనీ స్కూల్లో చదివించుకుని ఒక తరంలో పైకొచ్చిన దళిత, బీసీ కుటుంబాలు ఎన్నో. మా పెదనాన్న కూడా అలాంటి ఒక ఫ్యాక్టరీలోనే చేరాడు. ఊళ్ళో మా తాతది జీతగాడి బతుకు, పెదనాన్న నెల జీతం తెచ్చిన రోజు మా నాయనమ్మ ఆ కవరు దేవుడి పటం దగ్గర పెట్టి సాయంత్రం దాకా ఎవర్నీ ముట్టుకోనివ్వలేదంట. ఆయనకి ఆ ఉద్యోగం వచ్చింది రోస్టర్ వల్ల. రోస్టర్ అంటే ఖాళీల్ని నంబరు వేసి వరసగా నింపే పట్టిక. ఉమ్మడి రాష్ట్ర సర్వీసుల్లో 100 పాయింట్ల రోస్టర్ ఉండేది, రెండో పాయింట్ ఎస్సీ మహిళకి, ఏడోది ఎస్సీకి, ఎనిమిదోది ఎస్టీ మహిళకి, ఇలా. ఆ నంబరు వచ్చినప్పుడు ఆఫీసర్‌కి ఇష్టం ఉన్నా లేకపోయినా ఆ పోస్టు వాళ్ళదే. రిజర్వేషన్ అంటే పని చేసేది ఈ నంబరే, మిగతాదంతా ఉపన్యాసం.

ఇక బీసీల కోసం వేసిన మండల్ కమిషన్. దాని రిపోర్టు 1980 డిసెంబర్‌లో ఇచ్చారు, అందులో బీసీలకి 27 శాతం గురించే అందరూ మాట్లాడతారు గానీ, ప్రభుత్వం నుంచి ఏదో ఒక రూపంలో ఆర్థిక సాయం పొందిన ప్రైవేటు సంస్థలు కూడా ఇదే పద్ధతిలో ఉద్యోగాలు ఇవ్వాలని సిఫార్సు అందులోనే ఉంది. పదేళ్ళు ఆ రిపోర్టు మూలన పడింది. 1990 ఆగస్టులో వీపీ సింగ్ ప్రభుత్వం దాన్ని బయటికి తీసింది, అప్పుడు సంక్షేమ శాఖ సెక్రటరీగా ఉండి ఆ పని ముందుకి నడిపించింది మన ఆంధ్రప్రదేశ్ క్యాడర్ ఐఏఎస్ పీఎస్ కృష్ణన్ గారు. అమలైంది సెంట్రల్ ఉద్యోగాల వరకే, ప్రైవేటు సిఫార్సు ముట్టుకోలేదు. ఇంద్రా సాహ్నీ కేసులో సుప్రీంకోర్టు 1992 నవంబర్‌లో ఓకే చెప్పి 50 శాతం దాటకూడదని గీత గీసింది. ఈ రెండిటి మధ్యలో, 1991 జులైలో, మన పీవీ నరసింహారావు గారి ప్రభుత్వం లైసెన్సులు ఎత్తేసి ఆర్థిక వ్యవస్థ తలుపులు తెరిచింది. అంటే బీసీ పిల్లోడికి సెంట్రల్ ఉద్యోగంలో వాటా చేతికి అందేసరికి కొత్త ఉద్యోగాలు వేరే దారి పట్టాయి. ఎవరూ కుట్ర పన్నారని నేను అనట్లేదు, కానీ జరిగింది మాత్రం ఇదే.

తర్వాత పదేళ్ళలో ప్రభుత్వ కంపెనీల అమ్మకాలు మొదలయ్యాయి. 2000లో బ్రెడ్డు తయారుచేసే మోడర్న్ ఫుడ్స్, 2001లో అల్యూమినియం కంపెనీ బాల్కో. బాల్కో కార్మికులు సుప్రీంకోర్టుకి వెళ్ళి, కంపెనీ ప్రభుత్వానిది కాకుండా పోతే రాజ్యాంగంలోని 14, 16 ఆర్టికల్స్ (సమానత్వం, ప్రభుత్వ ఉద్యోగాల్లో సమాన అవకాశం) రక్షణ మాకు పోతుంది కదా అని అడిగారు. కంపెనీ ఎప్పటికీ ప్రభుత్వం చేతిలోనే ఉండాలనే హక్కు ఉద్యోగులకి లేదని 2001 డిసెంబర్‌లో కోర్టు తేల్చేసింది. అంటే ఒక్క సంతకంతో రోస్టర్ రిజిస్టర్ చిత్తు కాయితం అయిపోవచ్చు.

నెల దాటగానే, 2002 జనవరిలో దళిత మేధావులు భోపాల్‌లో కూర్చుని భోపాల్ డిక్లరేషన్ తెచ్చారు, ప్రైవేటు ఉద్యోగాలు, కాంట్రాక్టులు, సప్లై ఆర్డర్లు అన్నిట్లో వాటా అడిగారు. అదే నెల రిపబ్లిక్ డే ముందురోజు ప్రసంగంలో రాష్ట్రపతి కేఆర్ నారాయణన్ గారు దాన్ని ప్రస్తావించారు, ప్రైవేటు రంగం కూడా ఈ బాధ్యత తీసుకోవాలన్నారు. రాష్ట్రపతి నోటి నుంచి వచ్చేసరికి ఆ డిమాండ్‌కి ఒక బరువొచ్చింది. 2004లో యూపీఏ కామన్ మినిమమ్ ప్రోగ్రామ్‌లో దీనిమీద చర్చ మొదలుపెడతామని రాసుకున్నారు. 2006 ఏప్రిల్‌లో మన్మోహన్ సింగ్ గారు పరిశ్రమల సంఘం సీఐఐ మీటింగ్‌లో మీ అంతట మీరే ఏదన్నా చెయ్యండి అని అడిగారు. కంపెనీలవాళ్ళు జేజే ఇరానీ గారి ఆధ్వర్యంలో టాస్క్ ఫోర్స్ వేసుకుని, చట్టం వద్దు, స్వచ్ఛందంగా కోచింగులు, స్కాలర్‌షిప్పులు, ఒక ప్రవర్తనా నియమావళి పెట్టుకుంటాం అన్నారు. కొన్ని కంపెనీలు నిజంగానే కొంత చేసాయి, కాదనను. కానీ చెయ్యకపోతే అడిగేవాడు లేడు, చేసామని చెప్తే చూసేవాడు లేడు.

సరిగ్గా ఆ టైములోనే సుఖదేవ్ థోరాట్, పాల్ అటివెల్ అనే పరిశోధకులు ఒక పరీక్ష చేసారు, ఫలితాలు 2007లో వచ్చాయి. ఇంగ్లీషు పేపర్లలో వచ్చిన 548 ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకి 4,808 అప్లికేషన్లు పంపారు, ఒకే స్థాయి చదువు ఉన్న అప్లికేషన్లలో పేరు మాత్రం మార్చారు, ఒకదానికి అగ్రకులం అని తెలిసే పేరు, ఇంకోదానికి దళిత పేరు, మరోదానికి ముస్లిం పేరు. ఇంటర్వ్యూకి పిలుపు వచ్చే అవకాశం అగ్రకుల పేరుకి 1 అనుకుంటే దళిత పేరుకి 0.67, ముస్లిం పేరుకి 0.33. ఇంటర్వ్యూ దాకా కూడా వెళ్ళలేదు, పేరు చదివి ఆగిపోయింది. టాలెంట్ మాట ఎత్తేవాళ్ళు ముందు ఈ లెక్కకి జవాబు చెప్పాలి. అదే సంవత్సరం వచ్చిన ఇంకో అధ్యయనంలో సురీందర్ జోధ్కా, కాథరిన్ న్యూమన్ హెచ్ఆర్ మేనేజర్లతో కూర్చుని మాట్లాడితే, ఎక్కువమంది ఇంటర్వ్యూలో ఫ్యామిలీ బ్యాక్‌గ్రౌండ్ అడుగుతాం, అది ముఖ్యం అని చెప్పారు.

మన దగ్గర దాన్ని ఇంకో రకంగా అడుగుతారు. మా పెదనాన్న మనవడు బీటెక్ అయ్యాక ఒక చోట ఇంటర్వ్యూకి వెళ్తే టెక్నికల్ అంతా బాగా జరిగి చివర్లో "మీ ఇంటిపేరేంటి, మీది ఏ ఊరు, ఊళ్ళో ఎటువైపు ఉంటారు" అని అడిగారంట. ఎటువైపు అన్న ప్రశ్నకి అర్థం ఏంటో తెలుగు పల్లెటూళ్ళో పుట్టిన ఎవరికైనా తెలుసు. వాడికి ఆ ఉద్యోగం రాలేదు, దానివల్లే రాలేదని నిరూపించడం ఎవరివల్లా కాదు, అసలు బాధ అదే. అంబేడ్కర్ గారు అడిగిన ట్రిబ్యునల్ ఉండుంటే కనీసం వెళ్ళి చెప్పుకోడానికి ఒక తలుపు ఉండేది.

ఇంక ఇక్కడ చాలామంది కలిపేసే విషయం ఒకటుంది. 2019 జులైలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అని చట్టం చేసింది, దేశంలో అలా చేసిన మొదటి రాష్ట్రం. హర్యానా కూడా 75 శాతం తెచ్చింది, 2023 నవంబర్‌లో పంజాబ్ హర్యానా హైకోర్టు కొట్టేసింది. కర్ణాటక 2024 జులైలో బిల్లుకి క్యాబినెట్ ఆమోదం ఇచ్చి, ఐటీ కంపెనీలు గొడవ చేసేసరికి రెండ్రోజుల్లో పక్కన పెట్టింది. ఇవన్నీ లోకల్ కోటా, కులం రిజర్వేషన్ కాదు. ముల్కీ గొడవలు చూసిన తెలుగోళ్ళకి లోకల్ మాట కొత్త కాదు, అందులో న్యాయం లేదనీ అనను, కానీ స్థానికుడు అంటే ఆ ఊళ్ళో కులబలం ఉన్నవాడు కూడా స్థానికుడే కదా. ప్రైవేటు కంపెనీకి కోటా పెట్టడం కుదరదు అని చెప్పిన నాయకులే లోకల్ అనేసరికి చట్టాలు చేసారు.

అడ్డు రాజ్యాంగం అంటారా, 2005లో కూడా అలాగే అన్నారు. ప్రైవేటు కాలేజీల్లో ప్రభుత్వం తన కోటా రుద్దకూడదని ఇనాందార్ కేసులో సుప్రీంకోర్టు ఆగస్టులో చెప్పింది, వెంటనే పార్లమెంటు 93వ సవరణతో, ప్రైవేటు కాలేజీల్లో కూడా సీట్ల రిజర్వేషన్ పెట్టొచ్చనే ఆర్టికల్ 15(5) తెచ్చింది, 2014లో కోర్టు దాన్ని సమర్థించింది. ఉద్యోగాల దగ్గరికొచ్చేసరికి ఆ సవరణ ఎవరూ తేలేదు.

ఈలోపు గవర్నమెంటు లోపలే ప్రైవేటు తయారైంది, అదే ఔట్‌సోర్సింగ్. ఆస్పత్రిలో వార్డ్ బాయ్, మున్సిపాలిటీలో స్వీపర్, కలెక్టరేట్లో కంప్యూటర్ ఆపరేటర్, పని అదే, కుర్చీ అదే, కానీ జీతం ఇచ్చేది ఏజెన్సీ, అక్కడ రోస్టర్ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ఆప్కాస్ అని కార్పొరేషన్ పెట్టి ఔట్‌సోర్సింగ్‌లో 50 శాతం ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకి అన్నారు, నా దృష్టిలో అది సరైన దిశే. తర్వాత ఏడాది, 2021 జనవరిలో విశాఖ ఉక్కుని వంద శాతం అమ్మేస్తామని కేంద్రం నిర్ణయం తీసుకుంది. ప్లాంటు దగ్గర కూర్మన్నపాలెంలో పెట్టిన ఉద్యమ శిబిరంలో భూములిచ్చిన నిర్వాసితుల మాటతో పాటు, ప్రైవేటు అయితే మా పిల్లలకి రిజర్వేషన్ ఉండదు అన్న మాట కూడా గట్టిగానే వినపడింది.

అమెరికాలో వంద మందికి పైన ఉన్న ప్రైవేటు కంపెనీలు జాతి వారీగా ఎంతమంది ఏ స్థాయిలో ఉన్నారో 1966 నుంచి ఏటా ప్రభుత్వానికి లెక్క ఇస్తున్నాయి, మన పిల్లలు అక్కడ ఉద్యోగంలో చేరినప్పుడు ఆ ఫారంలో ఏషియన్ అని టిక్ పెట్టే ఉంటారు. అవే కంపెనీల హైటెక్ సిటీ ఆఫీసుల్లో కులం లెక్క ఎవరూ తియ్యరు. మన దేశంలో కూడా 2022-23 నుంచి లిస్టయిన టాప్ 1000 కంపెనీలు స్టాక్ మార్కెట్‌ని నియంత్రించే సెబీకి ఏటా ఇచ్చే, తమ సామాజిక బాధ్యత గురించి చెప్పే బీఆర్ఎస్ఆర్ రిపోర్టులో మగవాళ్ళెంతమంది, ఆడవాళ్ళెంతమంది, వికలాంగులెంతమంది అని కాలమ్స్ ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీ, బీసీ ఉద్యోగులు ఎంతమంది అన్న కాలమ్ లేదు. అది కలపడానికి రాజ్యాంగ సవరణ కూడా అక్కర్లేదు.