మెట్ల కింద, పిల్లర్ పక్కన, వంటగట్టు మూలన: మిగిలిన జాగాలపై అపోహలు - వాస్తవాలు

ఇంటీరియర్ పని మాట్లాడుకునేటప్పుడు హాలు గురించి, వంటగది గురించి గంటసేపు చర్చ జరుగుతుంది. మెట్ల కింద జాగా దగ్గరకొచ్చేసరికి "ఇక్కడ ఏదో ఒక కప్‌బోర్డు పెట్టేయండి" అంటారు. ఆ జాగాలో ఏం పెడతారో ముందే తేల్చుకోకపోతే డబ్బూ పోతుంది, జాగా కూడా పోతుంది. అందుకే ఎక్కువగా వినబడే కొన్ని మాటలను ఇక్కడ సరిచూస్తున్నాను.

అపోహ: లోతు ఎంత ఎక్కువ ఉంటే అంత లాభం.

వాస్తవం: సామాను పడుతుంది కానీ చేతికి అందదు. రెండడుగుల లోతున్న అరలో మనం వాడేది ముందు వరసే. వెనక ఉన్న కందిపప్పు కనబడక ఇంకో ప్యాకెట్ కొంటాం, పాతదానికి పురుగు పడుతుంది. మసాలా డబ్బాలకు, మందులకు 4-5 అంగుళాల లోతు చాలు. పుస్తకాలకు 10 అంగుళాలు సరిపోతుంది. హ్యాంగర్‌కు తగిలించే బట్టలకైతేనే 22-24 అంగుళాలు కావాలి.

చాలా ఫ్లాట్లలో లోపలి గోడ నాలుగున్నర అంగుళాలు, పిల్లర్ తొమ్మిది. అలాంటిచోట పిల్లర్ పక్కన నాలుగున్నర అంగుళాల సందు మిగులుతుంది. చూడ్డానికి బాగోలేదని దాన్ని జిప్సం బోర్డుతో మూసేయిస్తారు. నాకు మాత్రం ఇంట్లో అన్నిటికన్నా విలువైన జాగా అదే. వంటగదిలో ఆ సందుకు పైనుంచి కిందదాకా సన్నటి అరలు వేసి, డబ్బాలు జారిపోకుండా ఒక్కో అరకు ముందు చిన్న పట్టీ కొట్టిస్తాను. ఉండేది ఒక్క వరసే, కాబట్టి జీలకర్ర కోసం మెంతుల డబ్బా జరపక్కర్లేదు. పాత ఇళ్ల మందపు గోడల్లో గూళ్లు పనికొచ్చింది కూడా ఇలాగే.

ఇంకో రెండు అంగుళాలు కలిసొస్తాయని పిల్లర్ చెక్కించమని అడుగుతుంటారు. దయచేసి ఆ పని చేయించకండి. పిల్లర్‌లోని ఇనుముకు రక్షణ, పైనున్న ఆ కాంక్రీటు పొరే. అది సాధారణంగా 40 మిల్లీమీటర్లే ఉంటుంది. చెక్కితే ఇనుముకు తేమ తగిలి తుప్పు పడుతుంది.

అపోహ: మెట్ల కింద షట్టర్లు (అలమర తలుపులు) వేసి మూసేస్తే స్టోర్‌రూమ్ అయిపోతుంది.

వాస్తవం: మెట్ల వెడల్పు మూడడుగులైతే ఆ అలమర లోతూ మూడడుగులే. వంగి లోపలికి దూరితే తప్ప వెనకున్నది రాదు. దానికి బదులు మొత్తం బయటికి లాగే ట్రాలీలు చేయించుకోండి. ఎత్తు ఎక్కువున్న వైపు చీపుర్లు, ఇస్త్రీ బల్ల. మధ్యలో చెప్పులు, బూట్లు. అడుగు కన్నా తక్కువ ఎత్తున్న చివరి మూలను ఒక పలకతో మూసేయడమే మంచిది. ఇంత పెద్ద ట్రాలీ బరువంతా పక్క ఛానళ్ల (అది జారే పట్టాల) మీదే వేస్తే కొన్నాళ్లకు ముందుకు వాలిపోతుంది, కాబట్టి కింద చక్రాలు ఉండాలి. ముందు పలక నేలకు అర అంగుళం పైనే ఆగాలి. లేకపోతే ఇల్లు తుడిచిన ప్రతిసారీ అంచుకు తడి తగిలి పైన అతికించిన లామినేట్ పొర లేచిపోతుంది.

అపోహ: ఇన్వర్టర్ బ్యాటరీ, గ్యాస్ సిలిండర్ కనబడకుండా అక్కడే పెట్టేయొచ్చు.

వాస్తవం: నీళ్లు పోసే లెడ్ యాసిడ్ బ్యాటరీ ఛార్జింగ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది. అది తేలిక కాబట్టి పైన చేరుతుంది. షట్టర్‌కు కిందా పైనా జాలీ ఉండాలి, డిస్టిల్డ్ వాటర్ పోయడానికి బ్యాటరీ పైన ఖాళీ ఉండాలి. వంటగ్యాస్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. గాలికన్నా బరువు కాబట్టి లీకైతే నేలమీద పేరుకుంటుంది. మెట్ల కింద మూసిన జాగాలో సిలిండర్ అసలు పెట్టకండి. ఈ రెండిటినీ ఒకే అలమరలో పెడతానంటే నేను ఆ పని ఒప్పుకోను.

అపోహ: వంటగది మూల వృథా కాకూడదంటే ఖరీదైన తిరిగే ట్రేలు వేయించాల్సిందే.

వాస్తవం: అవసరం లేదు. మూలకు రెండు వైపులా మంచి సొరుగులు వస్తే, మూల మూతపడినా రోజువారీ వంటకు లోటుండదు. గోడకు అవతల యుటిలిటీ (గిన్నెలు తోమే, బట్టలుతికే జాగా) ఉంటే ఆ గోడ భారం మోసేది కాదని ఇంజనీరుతో చూపించుకుని, ఆ మూలను అటువైపు నుంచి తెరుచుకునేలా చేయొచ్చు.

అపోహ: బరువైనవన్నీ లాఫ్ట్ మీదికి ఎక్కించాలి.

వాస్తవం: స్టూలెక్కి ఇత్తడి బిందె దించుతూ ఎవరైనా పడితే? పైన పరుపులు, సూట్‌కేసులు, బొమ్మల కొలువు పెట్టెలు చాలు.

అపోహ: మూలల్లో ఏ ప్లైవుడ్ అయినా పర్వాలేదు, ఎవరు చూస్తారు?

వాస్తవం: తేమ, చెదలు ముందు చేరేది అక్కడే. ఎంఆర్ (మాయిశ్చర్ రెసిస్టెంట్) గ్రేడ్ ప్లైవుడ్ కాస్త తేమకు తట్టుకుంటుందే తప్ప నీళ్లకు కాదు. సింకు కింద, యుటిలిటీలో ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్డే (నీళ్లకు తట్టుకునే రకం) అడగండి. పైపులు దిగే నిలువు సందుకు (షాఫ్ట్‌కు) ఆనించి అలమర కడితే వెనక పలకకు మేకులు కొట్టనివ్వకండి, స్క్రూలతో బిగించమనండి. లీకేజీ వచ్చిన రోజు ప్లంబర్ దాన్ని విప్పి పని చేసుకుని మళ్లీ బిగిస్తాడు.