అచ్చు పని చెడితే ఖర్చు ఎవరిది? కొన్ని అపోహలు, వాస్తవాలు

బెంగళూరులో సుల్తాన్‌పేట, అవెన్యూ రోడ్డు ప్రాంతాల్లో శుభలేఖలు, సంఘాల ప్రత్యేక సంచికలు, కవితా సంపుటాలు అచ్చు వేయించుకునే తెలుగువారి పనులు చేయించడం నా వృత్తి. అచ్చయిన పనిలో తప్పు కనిపించిన రోజున ఇటు వేయించుకున్నవారు, అటు వేసినవారు తమదే న్యాయమని గట్టిగా వాదిస్తారు. తప్పు ఏ దశలో పుట్టిందో, ఆ దశ ఎవరి చేతిలో ఉందో తేల్చి, వారే ఆ ఖర్చు భరించాలని నా నిశ్చితాభిప్రాయం. దీనికి అడ్డుపడే అపోహలు ఇరుపక్షాల్లోనూ ఉన్నాయి.

అపోహ: ప్రూఫు (అచ్చుకు ముందు సరిచూడమని ఇచ్చే ప్రతి) మీద సంతకం పెట్టించుకున్నాక ప్రెస్సుకు ఏ బాధ్యతా ఉండదు.

వాస్తవం: సంతకం దేన్ని చూసి పెట్టారో దానికే వర్తిస్తుంది. పేర్లు, తేదీ, ముహూర్తం, కల్యాణ మండపం చిరునామా, బొమ్మల అమరిక ప్రూఫులో కనిపించే విషయాలు. వీటిలో ఏదైనా ప్రూఫులోనే తప్పుగా ఉండి, వేయించుకునేవారు సరిగా చూడకుండా సరే అని ఉంటే, మొదట తప్పుగా టైపు చేసింది కంప్యూటరు మీద పేజీలు కూర్చే డీటీపీ ఆపరేటరే అయినప్పటికీ, మళ్ళీ వేసే ఖర్చు వేయించుకున్నవారిదే. ఇది కఠినంగా తోచవచ్చు గాని, వరుడి తాతగారి ఇంటిపేరులో దీర్ఘం ఉందో లేదో ప్రెస్సువారికి తెలిసే మార్గమే లేదు కనుక ఈ నియమాన్ని నేను సమర్థిస్తాను.

అయితే ఆమోదం తరువాత ఫైలులో జరిగిన ప్రతి మార్పుకూ ప్రెస్సే జవాబుదారీ. తెలుగు పనులకు అసలు ప్రమాదం ఇక్కడే పొంచి ఉంటుంది. ఫోన్లలో, ఇంటర్నెట్‌లో వాడే యూనికోడ్‌లో వచ్చిన మేటరును ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లలోకి మార్చేటప్పుడు కొన్ని అక్షరాలు తారుమారవుతాయి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఫైలు తెరిస్తే దాని స్థానంలో మరో ఫాంటు వచ్చి చేరుతుంది. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేరులో మన లిపులకు సరిపడే వరల్డ్ రెడీ కంపోజర్ అనే అమరికను ఎంచుకోకపోతే ఒత్తులు హల్లు కింద కుదురుకోక పక్కకు విడిపోతాయి. ప్లేట్లకు (అచ్చు యంత్రానికి బిగించే రేకులకు) పంపే ముందు అక్షరాలను కర్వ్స్‌గా, అంటే ఫాంటుతో పని లేని గీతల బొమ్మలుగా మారిస్తే ఈ గండాల్లో చాలావరకు తప్పుతాయి. ఆ పని చేయవలసింది ప్రెస్సువారే.

బెంగళూరులో దీనికి మరొక చిక్కు తోడవుతుంది. ఇక్కడి ఆపరేటర్లలో చాలామంది కన్నడం చదివినవారు. తెలుగు లిపి దగ్గరిదే కనుక పేజీ మొత్తం మీద బాగానే ఉన్నట్టు వారికి కనిపిస్తుంది. విరిగిన ఒత్తు, మారిపోయిన గుడి మాత్రం వారి కంటికి ఆనవు. ఇది వారి లోపమని నేననను. తెలుగు పని ఒప్పుకున్న ప్రెస్సు, ప్లేట్లు తీసే ముందు చివరి పీడీఎఫ్‌ను తెలుగు చదివేవారికి ఇంకోసారి చూపించి తీరాలి. అలా చూపించకుండా వేసి ఒత్తులు విరిగితే, మొదటి ప్రూఫు మీది సంతకం ప్రెస్సును కాపాడదు, కాపాడకూడదు కూడా.

అపోహ: తప్పు ఒక్క అక్షరమే కదా, ఒక్క ప్లేటు మార్చి సరిచేసి ఇవ్వవచ్చు.

వాస్తవం: నాలుగు రంగుల ఆఫ్‌సెట్ పనికి నాలుగు ప్లేట్లు కావాలి. అక్షరాలు సాధారణంగా నలుపు ప్లేటులో ఉంటాయి కనుక, మెషీను తిరగకముందే తప్పు దొరికితే ఆ ఒక్క ప్లేటు ధరతో బయటపడవచ్చు. మెషీను తిరిగాక నాలుగు రంగులూ ఒకే కాగితం మీద పడిపోయి ఉంటాయి. అక్కడి నుంచి కాగితం, ప్లేటు, సిరా, కూలి, లామినేషన్ అన్నీ మొదటికి వస్తాయి. పుస్తకాల్లో కొంత వెసులుబాటు ఉంది. పుస్తకం ఫారాలుగా, అంటే ఒక్కో పెద్ద కాగితం మీద కొన్ని పేజీల చొప్పున అచ్చవుతుంది కాబట్టి, బైండింగుకు ముందే తప్పు కనిపెడితే ఆ ఒక్క ఫారం మళ్ళీ వేస్తే చాలు. అందుకే బైండింగుకు ముందు విడి ఫారాలు చూపమని అడగడం రచయితల హక్కని నేను భావిస్తాను. ఎక్కువమంది అడగరు.

అపోహ: ఫోనులో కనిపించిన రంగే కార్డు మీద రాకపోతే డబ్బు కట్టనక్కరలేదు.

వాస్తవం: తెర వెలుతురుతో రంగును చూపుతుంది, అచ్చు సిరాతో చూపుతుంది. మెరిసే చిలకపచ్చ, మండే నారింజ వంటి రంగులు మామూలు నాలుగు సిరాల కలయికతో అదే కాంతితో రావు. బంగారు మెరుపుకు ఫాయిల్ గాని ప్రత్యేక సిరా గాని కావాలి. పూత లేని కాగితం సిరాను పీల్చుకుంటుంది, మ్యాట్ లామినేషన్ రంగును కాస్త అణచివేస్తుంది. కాబట్టి ఫోను తెర మీద మాత్రమే చూసి ఒప్పుకున్నవారు రంగు విషయంలో పట్టుబట్టలేరు.

అసలు కాగితం మీదే నమూనా తీసి చూపించి ఉంటే పరిస్థితి మారుతుంది. నమూనా చూపి అమ్మిన సరుకు మొత్తం ఆ నమూనాకు సరిపోవాలని 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 17వ సెక్షను చెబుతోంది. అచ్చు పనిని కోర్టులు అన్నిసార్లూ సరుకు అమ్మకంగా చూడలేదు. తమిళనాడుకు చెందిన ఒక పన్ను కేసులో, 1989లో, ప్రశ్నపత్రాల ముద్రణను సుప్రీంకోర్టు పని ఒప్పందంగానే పరిగణించింది. అయినా నమూనా నియమంలోని న్యాయం అచ్చు పనికి చక్కగా వర్తిస్తుందని నా నమ్మకం. ఇక, ఫైలు చూడగానే ఈ రంగు రాదని తెలిసి కూడా ఆర్డరు పోతుందేమోనని నోరు మెదపని ప్రెస్సు, నమూనా లేకపోయినా, కనీసం సగం ఖర్చు భరించాలంటాను.

కాగితం విషయంలో మాత్రం వాదనకు తావు లేదు. 300 జీఎస్‌ఎమ్ (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) అని బిల్లులో రాసి 250 వాడితే బాధ్యత పూర్తిగా ప్రెస్సుదే. అచ్చుకు ముందే ఖాళీ కాగితం నుంచి 10 సెంటీమీటర్ల చదరపు ముక్క కత్తిరించి, తూకం గ్రాముల్లో చూసి నూరుతో గుణిస్తే అసలు జీఎస్‌ఎమ్ తెలిసిపోతుంది.

అపోహ: "మేం బయట వేరే ప్రెస్సులో వేయించాం, ఆ తప్పు మాది కాదు" అని ఆర్డరు తీసుకున్నవారు తప్పించుకోవచ్చు.

వాస్తవం: ఆర్డరు తీసుకుని బిల్లు ఇచ్చినవారే మీకు బాధ్యులు. వారు ఎవరి చేత వేయించారన్నది వారి మధ్య లెక్క.

అపోహ: "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బిల్లు మీద ఉంటే ఇక చేసేదేమీ లేదు.

వాస్తవం: లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులో, గడువు రాయనప్పుడు 30 రోజుల్లో, వెనక్కి తీసుకోకపోవడాన్ని, డబ్బు తిరిగి ఇవ్వకపోవడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా పేర్కొంది. బిల్లు మీది ఆ వాక్యం ఈ హక్కును తుడిచివేయలేదు. వినియోగదారుల హెల్ప్‌లైను నంబరు 1915కు ఫోను చేయవచ్చు. మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే, రెండేళ్ళలోగా ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు. అయితే కంపెనీ లాభాపేక్షతో వేయించుకునే క్యాటలాగులు, ప్యాకింగు పెట్టెల వంటివి వాణిజ్య ప్రయోజనం కిందికి వస్తే ఈ చట్టం వర్తించదు. స్వయం ఉపాధితో పొట్టపోసుకునేవారికి మాత్రం మినహాయింపు ఉంది.

అపోహ: ప్రెస్సు తప్పు చేస్తే కార్యక్రమం ఖర్చంతా వారి నుంచి రాబట్టవచ్చు.

వాస్తవం: 1872 కాంట్రాక్టు చట్టం 73వ సెక్షను ప్రకారం, ఒప్పంద భంగం వల్ల సహజంగా కలిగే నష్టాన్ని, లేదా ఒప్పందం నాటికే ఇరుపక్షాలకూ తెలిసిన నష్టాన్ని అడగవచ్చు, దూరపు నష్టాలను అడగలేరు. ఫలానా ఆదివారం వయ్యాలికావల్‌లోని తెలుగు విజ్ఞాన సమితిలో పుస్తకావిష్కరణ ఉందని, శుక్రవారానికి ప్రతులు అందకపోతే ఇంత నష్టమని ఆర్డరులోనే రాయించి ఉంటే మీ వాదనకు బలం ఉంటుంది. నోటిమాటగా "త్వరగా కావాలండీ" అని ఉంటే ఆ బలం ఉండదు. నష్టం పెరగకుండా మీరు చేయగలిగింది చేశారా అని కూడా అదే సెక్షను అడుగుతుంది: తప్పొప్పుల పట్టికతోనో, ముహూర్తం మీద అతికించే స్టిక్కరుతోనో పని గట్టెక్కే వీలుంటే, దాన్ని కాదని మొత్తం పారేసి పూర్తి సొమ్ము అడగడం నిలవదు.

అపోహ: తప్పు ఉంది కాబట్టి కార్డులు పంచేసుకుని బాకీ ఆపేయవచ్చు.

వాస్తవం: సరుకు అందగానే కట్ట విప్పి చూసుకుని, తప్పు కనిపిస్తే ఆ రోజే ఫోటోతో సహా రాతపూర్వకంగా తెలపాలి. వద్దని చెప్పాక కార్డులను మీరే మోసుకెళ్ళి అప్పగించనక్కరలేదు. ప్రెస్సువారే వచ్చి తీసుకువెళ్ళాలి. బంధువులకు పంచడం మొదలుపెట్టారంటే మాత్రం సరుకును అంగీకరించినట్టే లెక్క. అప్పుడు ధరలో తగ్గింపు కోరడం న్యాయమే గాని, బాకీ మొత్తం ఎగ్గొట్టడం న్యాయం కాదు. ఒత్తు ఒకటి విడిపోయినా చదవడానికి ఇబ్బంది లేని శుభలేఖను పెళ్ళివారు ఉంచుకున్నప్పుడు, నేను కాగితం ధర ఇప్పించి కూలి వదులుకొమ్మని ప్రెస్సుకు చెబుతాను. ముహూర్తమే తప్పు పడితే, అది ప్రెస్సు దశలో పుట్టిన తప్పని తేలితే, కార్డులన్నీ వారి ఖర్చుతోనే మళ్ళీ వేయిస్తాను.