ఎదుగుదల ఎవరి పని? కృప గురించి మన సంఘాల్లో అపోహలు – వాస్తవాలు

పోయిన నెల ఒక ఆదివారం ఆరాధన ముగిశాక చెప్పుల దగ్గర ఒక చెల్లెలు నన్ను ఆపింది. నర్సు. అమీర్‌పేట వైపు ఒక ఆసుపత్రిలో రాత్రంతా డ్యూటీ చేసి, ఇంటికైనా పోకుండా మెట్రో ఎక్కి నేరుగా ఉప్పల్ వచ్చి ఆరాధనలో కూర్చుంది. "పాస్టర్ గారూ, తెల్లారుజాము ప్రార్థన చేసి మూడు నెలలైంది. నా రక్షణ ఉన్నట్టా, పోయినట్టా?" అని అడిగింది. ఆమె కళ్లు నిద్రలేక ఎర్రబడ్డాయో, ఏడ్చి ఎర్రబడ్డాయో నాకు తెలియలేదు. ఫోన్ తీసి ఎవరో పంపిన ఆడియో వినిపించింది. మూడింటికి లేవని విశ్వాసి ప్రార్థన పరలోకం చేరదని, అలాంటివాళ్లు ఎన్నేళ్లున్నా ఆత్మీయంగా పసిబిడ్డలేనని ఒక గొంతు ఉరుముతోంది.

నేను సేవలోకి వచ్చి ఇరవై రెండేళ్లు. ఇది నాకు పాత ప్రశ్న. అడిగే మనుషులు మారతారు, భయం మాత్రం అదే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే తమ్ముడు బైబిల్ పఠనం లేవీయకాండం దగ్గర ఆగిపోయిందని తల దించుకుంటాడు. చంటిపిల్లల తల్లి ఉపవాసం పట్టలేకపోతున్నానని కుమిలిపోతుంది. రిటైరైన పెద్దాయన "ఇన్నేళ్లయినా నా కోపం చావలేదు అయ్యగారూ, అసలు నేను మారుమనస్సు పొందానా?" అంటాడు. వీళ్లందరి కోసం రాస్తున్నాను.

ముందు ఆ ఆడియో సంగతి. మూడింటి నియమం లేఖనంలో ఎక్కడుంది? ప్రభువు పెందలకడ లేచి ప్రార్థించాడు (మార్కు 1:35), రాత్రంతా కొండ మీద కూడా ప్రార్థించాడు (లూకా 6:12). పేతురు పట్టపగలు పన్నెండింటికి మిద్దె ఎక్కాడు (అపొ. కార్యములు 10:9). పౌలు, సీల నడిరేయి చెరసాలలో పాడారు. దానియేలు రోజుకు ముమ్మారు మోకరించాడు. వేకువన లేవగలిగినవాళ్లు తప్పకుండా లేవండి, నేనూ లేస్తాను. రాత్రంతా రోగుల పక్కన నిలబడిన మనిషిని మాత్రం ఆ కొలతతో కొలవకండి. 127వ కీర్తన రెండో వచనం ఆ చెల్లెలికి ఇంతవరకు ఎవరూ చదివి వినిపించలేదట. వేకువనే లేచి, చాలా రాత్రికి పండుకుని, కష్టార్జితం తినడం వ్యర్థమని చెప్పి, "తన ప్రియులు నిద్రించుచుండగా ఆయన వారికిచ్చుచున్నాడు" అంటుంది ఆ వచనం. ఇలాంటి ఆడియోలను దయచేసి ఇంకొకరికి పంపకండి. వాటిని విని భయపడేది మొద్దుబారినవాళ్లు కారు, ఇప్పటికే నలిగి ఉన్నవాళ్లు.

అపోహ: రక్షణ కృపవల్ల, అంటే మన అర్హత చూడకుండా దేవుడు ఉచితంగా ఇచ్చేదానివల్ల. ఎదుగుదల మన ప్రయాసవల్ల.

మనల్ని ఎక్కువగా నష్టపరుస్తున్నది ఇదే. ఈ మాటను ఇదే రూపంలో ఏ ప్రసంగీకుడూ చెప్పడు. మన ప్రసంగాలు కట్టిన తీరులో అది దాగి ఉంటుంది. సువార్త కూటాల్లో "ఉన్నపాటున రండి, ఆయన అంతా చేసి ముగించాడు" అంటాం. వచ్చినవాడికి బాప్తిస్మం ఇస్తాం. మరుసటి ఆదివారం నుంచి చేతిలో చిట్టా పెడతాం: ఇన్ని గంటల ప్రార్థన, ఇన్ని అధ్యాయాలు, ఇన్ని ఉపవాసాలు. తలుపు దగ్గర కృప, లోపలికి వచ్చాక కూలి లెక్క. వచ్చినవాడు మంచివాడైతే కొన్నేళ్లు పరుగెత్తి అలసిపోతాడు. తెలివైనవాడైతే ఓడిపోయినవన్నీ దాచిపెట్టడం నేర్చుకుంటాడు. పదేళ్లు సంఘంలో ఉండి, ఇంట్లో నలిగిపోతూ కూడా ఎవరికీ చెప్పలేకపోయినవాళ్లను నేను ఎంతమందిని చూశానో.

గలతీ పత్రికలో పౌలు కోపం ఎవరి మీదో చూడండి. విశ్వసించినవాళ్లమీదే. తన పత్రికల్లో మామూలుగా మొదట కృతజ్ఞతాస్తుతులు రాసే మనిషి ఇక్కడ అదీ లేకుండా నేరుగా విషయంలోకి దిగాడు. "మొదట ఆత్మానుసారముగా ఆరంభించి, యిప్పుడు శరీరానుసారముగా పరిపూర్ణులగుదురా?" (3:3). ఆరంభం సంగతి వాళ్లకు తెలుసు. వాళ్లు తప్పిపోయింది పరిపూర్ణత దగ్గర. ఆ చోటే మనమూ తప్పిపోతున్నాం.

"మరి ఫిలిప్పీ 2:12 సంగతేమిటి, భయముతోను వణకుతోను మీ సొంత రక్షణను కొనసాగించుకొనుడి అని లేదా?" అని వెంటనే అడుగుతారు. ఉంది. మన తెలుగు బైబిల్లో ఆ క్రియాపదం మీద ఒకసారి వేలు పెట్టి చూడండి. "సంపాదించుకొనుడి" అని లేదు, "కొనసాగించుకొనుడి" అని ఉంది. ఉన్నదాన్నే కదా ఎవరైనా కొనసాగించేది. ఒక పేజీ వెనక్కి తిప్పితే 1:6లో, మీలో ఈ సత్‌క్రియను ఆరంభించినవాడు యేసుక్రీస్తు దినము వరకు దానిని "కొనసాగించును" అని ఉంటుంది. గ్రీకులో ఆ రెండు మాటలూ వేరు. తెలుగులో చదివే మనకు మాత్రం రెండు చోట్లా ఒకే మాట దొరికింది: ఆయన కొనసాగిస్తాడు, మీరు కొనసాగించుకోండి. 2:13 ఆ రెంటినీ కలిపి ముడివేస్తుంది, ఇచ్ఛయించడానికీ చేయడానికీ మీలో పనిచేసేవాడు దేవుడే అంటుంది. పన్నెండో వచనం చదివి బైబిల్ మూసేసే ప్రసంగాలు చాలా విన్నాను. పదమూడు లేకుండా పన్నెండును బోధించడం విశ్వాసి వీపు మీద బండ పెట్టడమే. ఇంకొక సంగతి. అక్కడ "మీ" అన్నది బహువచనం. ఆ ఉత్తరం ఒక సంఘానికి రాసింది. ఒక్కడు గదిలో తలుపేసుకుని తన ఎదుగుదలను తాను తూచుకోవడం పౌలు మనసులో లేనే లేదు.

ఇది నేను పుస్తకాల్లో నేర్చుకున్నది కాదు. బైబిల్ శిక్షణకు వెళ్లిన రోజుల్లో రోజుకు మూడు గంటలు ప్రార్థించనివాడు సేవకుడే కాడని ఒక పెద్దాయన మాకు చెప్పాడు. నేను ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాను. మూడు గంటలు నిండితే టిక్కు, నిండకపోతే సున్నా. టిక్కు పడిన రోజు పక్క మంచం మీద నిద్రపోతున్న సోదరుణ్ణి లోలోపల తక్కువగా చూసేవాణ్ణి. సున్నా పడిన వారం ప్రభువు బల్ల దగ్గరికి, అంటే ప్రభురాత్రి భోజనానికి, వెళ్లడానికి కాళ్లు ఆడేవి కావు. చాలాకాలానికి నాకు అర్థమైంది, టిక్కు రోజైనా సున్నా రోజైనా నేను చూస్తున్నది నన్నే. లూకా 18లో వారానికి రెండు ఉపవాసాలు, పదియవ వంతు అని లెక్క చెప్పిన పరిసయ్యుడూ అదే చూశాడు. అతని ఉపవాసంలో తప్పు లేదు, దాన్ని పట్టుకుని నిలబడటంలో ఉంది తప్పు.

సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు నాయనకు ఈ సంగతి చెప్పాను. మా నాయన శామీర్‌పేట వైపు ద్రాక్షతోటలో పనిచేసేవాడు. ఇప్పుడు అక్కడ ప్లాట్లు, ఇళ్లు వచ్చాయి గానీ, హైదరాబాద్ చుట్టూ ద్రాక్షతోటలకు ఒకప్పుడు ఎంత పేరుండేదో, అనాబ్-ఎ-షాహీ గుత్తులు ఎలా ఉండేవో పాతవాళ్లకు గుర్తే. రాతి స్తంభాలు నాటి, పైన తీగలు గుంజి కట్టి, పందిరి వేసేవారు. నా నోటుపుస్తకం సంగతంతా విని నాయన పందిరి కింద నిలబడి అడిగాడు: "పందిరికి గుత్తులు కాస్తయా బిడ్డా? కాసేది తీగ. ఆ తీగల రసం నువ్వు పోసినవా, నేను పోసిన్నా? పందిరి లేకుంటే తీగ నేల మీద పడి కాయ కుళ్లిపోతది. గందుకే పందిరి."

తాను ద్రాక్షావల్లి, మనం తీగలు అని ప్రభువు చెప్పిన యోహాను 15ను నేను అప్పటికే రెండుసార్లు ప్రసంగించి ఉన్నాను. అర్థమైంది మాత్రం ఆ రోజే. ప్రార్థన, వాక్యపఠనం, ఉపవాసం, సహవాసం ఇవన్నీ పందిరి. పందిరి వేయకుండా తోట పెట్టినవాడు అవివేకి. పందిరి స్తంభాలు లెక్కపెట్టుకుని ఇన్ని కాయలు కాశాయని చెప్పేవాడూ అంతే. తోటలో ఏటా రెండుసార్లు కత్తిరింపులు ఉండేవి, ఎండాకాలంలో ఒకటి, దసరా దాటాక ఒకటి. కోసిన చోట తీగ నుంచి నీళ్లు కారేవి. చిన్నప్పుడు తీగ ఏడుస్తోందని అనుకునేవాణ్ణి. ఏ తీగా తన కత్తిరింపు తాను చేసుకోలేదు. అందుకే 15:1లోనే "నా తండ్రి వ్యవసాయకుడు" అని ఉంది.

మీరు ఏ లెక్కన బ్రతుకుతున్నారో తెలుసుకోవాలంటే ఒక్కటి గమనించండి. పాపంలో పడిన రోజు మీరు ఎటు పరుగెడుతున్నారు? దేవుని దగ్గరికా, ఆయనకు కనబడకుండానా? కూలి లెక్కలో బ్రతికేవాడు పడిపోయాక "నాలుగు రోజులు బాగా ప్రార్థించి, అప్పుడు వెళ్తాను" అనుకుంటాడు. ఆ నాలుగు రోజులు నాలుగేళ్లు అయినవాళ్లు నాకు తెలుసు. తప్పిపోయిన కుమారుడు స్నానం చేసి రాలేదు.

అపోహ: కృప అయితే మనం ఏమీ చేయనక్కర లేదు.

పైన రాసింది చదివి కొందరు ఈ గుంటలో పడతారు, అందుకే ఇదీ చెప్పాలి. మెదక్ చర్చి చూడటానికి మనలో చాలామంది వెళ్తాం. 1924లో ప్రతిష్ఠించిన ఆ గుడిని కట్టించింది వెస్లియన్ మిషనరీలు. ఆ వెస్లియన్ పేరు ఎవరి నుంచి వచ్చిందో ఆ ఇంగ్లండు బోధకుడు జాన్ వెస్లీ ఈ రెండు గుంటల్నీ చూసిన మనిషి. ఆక్స్‌ఫర్డ్‌లో బుధ, శుక్రవారాలు ఉపవాసం ఉండి, జైళ్లు తిరిగి ఖైదీలను పరామర్శించి, 1735లో సముద్రం దాటి జార్జియాకు మిషనరీగా వెళ్లి, సమాధానం లేకుండానే తిరిగొచ్చాడు. 1738 మే 24 సాయంత్రం లండన్‌లో ఒక చిన్న కూటంలో ఎవరో రోమా పత్రికకు జర్మన్ సంస్కర్త మార్టిన్ లూథర్ రాసిన ముందుమాట చదువుతుండగా అతని హృదయం వెచ్చబడింది. తన పాపాలను క్రీస్తు తీసివేశాడన్న నిశ్చయత ఆ కూటంలో దొరికింది.

మనం అక్కడితో కథ ఆపేస్తాం. రెండేళ్లకే అతని తోటివాళ్లలో కొందరు, పూర్తి నిశ్చయత కలిగేదాకా బల్లకు రావద్దు, లేఖనం చదవవద్దు, ఊరక ఉండండి అని బోధించడం మొదలుపెట్టారు. వెస్లీ ఒప్పుకోలేదు. 1740లో వాళ్లనుంచి వేరుపడ్డాడు. ప్రార్థన, వాక్యం, బల్ల ఇవి కృపాసాధనాలని, దేవుడు కృప ఇవ్వడానికి పెట్టిన కాలువల దగ్గరే కాచుకుని ఉండాలని బోధించాడు. కృపను రుచి చూశాక అతను తక్కువ పనిచేయలేదు, 87 ఏళ్ల వయసులో చనిపోయేదాకా ప్రసంగించాడు. పౌలూ అంతే. "వారందరికంటె నేనెక్కువగా ప్రయాసపడితిని" అన్నాడు, వెంటనే అది తాను కాదని, తనకు తోడైయున్న దేవుని కృపేనని అన్నాడు (1 కొరింథీ 15:10). కృప మనకు "బోధించుచున్నది" అని తీతు 2:11-12 చెబుతుంది. బోధించే కృప శిష్యుణ్ణి పాపంలో నిద్రపోనివ్వదు. కృప పేరు చెప్పి భార్యను కొట్టడం, చీటీ డబ్బులు ఎగ్గొట్టడం ఆపనివాడికి నేను ఈ వ్యాసం ఇవ్వను. "కృప విస్తరింపవలెనని పాపమందు నిలిచియుందుమా?" అని అడిగే రోమా 6 వాడికి ఇస్తాను.

అపోహ: అన్యభాషల్లో మాట్లాడటం, స్వస్థతలు, దర్శనాలు ఉంటే పరిపక్వత ఉన్నట్టే.

కొరింథు సంఘంలో ఏ కృపావరానికీ లోటు లేదు (1:7). ఆ సంఘాన్నే పౌలు మూడో అధ్యాయంలో పసిబిడ్డలన్నాడు, వాళ్లలో అసూయ, కలహం ఉన్నాయి గనుక.

అపోహ: ఎన్నేళ్ల విశ్వాసమో అంత ఎదుగుదల.

హెబ్రీ 5:12 చదవండి. కాలాన్ని బట్టి బోధకులుగా ఉండాల్సినవాళ్లు పాలు తాగుతున్నారని ఉంది.

అపోహ: యాకోబు, పౌలు ఒకరికొకరు విరుద్ధం.

నీతిమంతుడయ్యేది విశ్వాసంవల్ల అని పౌలు, క్రియలవల్ల అని యాకోబు అన్నారు కదా అంటారు. పౌలు ఎత్తి చూపింది ఆదికాండం 15లో అబ్రాహాము నమ్మిన రాత్రిని. యాకోబు చూపింది ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు, 22వ అధ్యాయంలో ఇస్సాకును అర్పించిన రోజును. ఒకరు వేరును చూపారు, ఒకరు పండును.

అపోహ: జబ్బు చేసిందంటే ఆత్మీయంగా బలహీనపడినట్టే.

ఈ మాట విన్నప్పుడు నాకు ఓపిక ఉండదు. తిమోతికి కడుపు జబ్బు ఉంది. త్రోఫిము రోగియై ఉండగా పౌలు అతణ్ణి మిలేతులో విడిచి రావలసి వచ్చింది. పౌలు తన శరీరంలో బాధపెడుతున్న ముల్లు తీసేయమని ముమ్మారు వేడుకుంటే దొరికిన జవాబు "నా కృప నీకు చాలును". షుగర్ ఉన్న ఒక అంకుల్ ఇరవై ఒక్క రోజుల ఉపవాసంలో మాత్రలు ఆపేసి, స్పృహ తప్పితే, రాత్రి ఆటోలో గాంధీ ఆసుపత్రికి మోసుకెళ్లింది నేను. మాత్రలు వేసుకోవడం అవిశ్వాసమని ఆయనకు ఎవరో చెప్పారట. షుగర్, బీపీ, మూర్ఛ, మనోవ్యాధి, దేనికి మందులు వాడుతున్నా, డాక్టరును అడగకుండా ఉపవాసం కోసం ఒక్క మాత్ర కూడా ఆపకండి. ఆపమన్న బోధకుడి మాట వినకండి, అది నేనైనా సరే.

మళ్లీ ఆ నర్సు చెల్లెలి దగ్గరికి. ఆమెకు నేను కొత్త చిట్టా ఇవ్వలేదు. అమీర్‌పేట నుంచి ఉప్పల్ దాకా మెట్రోలో సీటు దొరికితే ఒక కీర్తన చదువుకోమన్నాను, నిద్ర వస్తే నిద్రపొమ్మన్నాను. వార్డులో ఎవరి నుదుటి మీదైనా చేయి వేసినప్పుడు వాళ్ల పేరు ప్రభువుకు చెప్పమన్నాను. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అదైతే రోజూ చేస్తున్నాను పాస్టర్ గారూ, అది ప్రార్థనని అనుకోలేదు" అంది.

మొన్న శుక్రవారం ఉపవాస ప్రార్థనకు డ్యూటీ దిగి నేరుగా వచ్చింది. రెండో పాట అయ్యేసరికి వెనక చాప మీద గోడకు ఆనుకుని నిద్రలోకి జారిపోయింది. మా సంఘపెద్ద లేపబోతే వద్దని సైగ చేశాను. ఆయన ఒక్క క్షణం నిలబడి, ఫ్యాన్ ఆమె వైపు తిప్పి వచ్చి తన చోట కూర్చున్నాడు.