ముల్లు తీసేశాక కాలెందుకు వాచింది?

చిన్నూ, బుజ్జీ,

చిన్నూ మడమలో ముల్లు దిగి ఎర్రగా వాచిందని మీ అమ్మ చెప్పింది. ముల్లు తీసేశాం కదా ఇంకా ఎందుకు వాచింది అని అడిగావంట, ఫోన్లో చెప్తే సగం మర్చిపోతారని రాస్తున్నా.

ఆ వాపు తెచ్చింది నీ ఒళ్ళే నాన్నా. ముల్లుతో పాటు మట్టి, బాక్టీరియా లోపలికి పోతాయి కదా, చర్మంలో ఉండే మాస్ట్ సెల్స్ అనే కాపలా కణాలు వెంటనే హిస్టమిన్ అనే రసాయనం వదుల్తాయి, దాంతో అక్కడి సన్న రక్తనాళాలు వెడల్పై రక్తం ఎక్కువొస్తుంది, ఎరుపు, వేడి అందుకే. నాళాల గోడలు కాస్త వదులై నీరు బయటికి ఊరుతుంది, అదే వాపు. ఆ సందుల్లోంచే తెల్లరక్తకణాలు దూరి వచ్చి బాక్టీరియాని మింగేస్తాయి. చీము కనిపిస్తే అసహ్యించుకోకు, అందులో చాలావరకు అలా పోరాడి చచ్చిపోయిన కణాలే. 1882లో మెచ్నికాఫ్ అనే సైంటిస్ట్ ఇటలీలోని మెస్సినాలో స్టార్‌ఫిష్ లార్వాకి గులాబీ ముల్లు గుచ్చి మర్నాడు మైక్రోస్కోప్‌లో చూస్తే, కణాలన్నీ ముల్లు చుట్టూ మూగి ఉన్నాయి! నీ మడమలో జరిగిందీ అదే.

సలుపు కూడా మంచికే, కాలు కింద పెట్టనివ్వకుండా రెస్ట్ ఇప్పిస్తుంది.

కానీ పనైపోయాక ఇదంతా ఆగాలి. ఆగకపోతే ఏమవుతుందో నా వేళ్ళు చూశారుగా. నాది రుమటాయిడ్ ఆర్థరైటిస్, ముల్లూ లేదు క్రిమీ లేదు, నా తెల్లకణాలే నా కీళ్ళ లోపలి పొర మీద పడతాయి, పొద్దున్నే వేళ్ళు బిగుసుకుపోయి కాఫీ గ్లాసు పట్టుకోలేను, ఎండెక్కితే గానీ వదలవు. మందు వాడకుండా వదిలేస్తే ఈ జబ్బు ఎముకనీ తినేస్తుంది. సిగరెట్లు తాగేవాళ్ళకి ఇలాంటిదే రక్తనాళాల్లో పైకి తెలీకుండా ఏళ్ళ తరబడి నడిచి గుండెపోటు దాకా తెస్తుంది, నాకు అదే ఎక్కువ భయం.

నేను వారానికి ఒక్కసారే వేసుకునే మెథోట్రెక్సేట్ అనే మందు ఉంది చూశారా, అది అమెరికాలో లెడర్లీ ల్యాబ్‌లో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి టీమ్ చేసింది, మొదట్లో క్యాన్సర్‌కి వాడారు. ఆ మాట తల్చుకుంటే నాకెంత గర్వంగా ఉంటుందో!

చిన్నూ, ఎరుపు మడమ దాటి పైకి పాకినా, జ్వరం వచ్చినా అమ్మకి వెంటనే చెప్పు, టీటీ ఇంజెక్షన్ సంగతి కూడా డాక్టర్ గారిని అడగమను.

మీ అమ్మమ్మ